బామ్మర్ది పట్టిన తాడు

తెల్లదొరలు ఏలుతున్న ఆ రోజుల్లో, మైదుకూరు దగ్గర మా ఊళ్ళో గుంటమగ్గంలో కాళ్ళు దించుకొని కూర్చుంటే లోకమంతా పడుగూ పేకా లాగే తిన్నగా ఉంటుందని తోచేది. నేను నేసేది మా సావుకారి ఇంట్లో. ఎదురుగా కూర్చుని నూలు కండెలు చుట్టేది ఆయన కూతురు. పిల్లనిమ్మని మా అమ్మ అడిగిస్తే "చూద్దాంలేమ్మా" అన్నాడాయన. అసలు అడ్డు ఆయన కాదు, ఆ పిల్ల తమ్ముడు. వాణ్ణి మేమంతా ముంగి అనేవాళ్ళం. వాడు ఎవరితోనూ మాట్లాడడు. నన్ను చూస్తే అసలే మాట్లాడడు.

ఏటా సావుకారు నల్లమలలోని ఒక చెంచుగూడేనికి ముతక చీరలు ఇచ్చి తేనె తెచ్చుకునేవాడు. ఆ ఏడు మోకాళ్ళ నొప్పులొచ్చి నన్నూ ముంగినీ పంపాడు. కొండెక్కుతుంటే ఎండ నేలకు దిగనే లేదు. (మా ఊళ్ళో తుమ్మచెట్టు నీడకు కూడా వంతులుండేవి.) ఎప్పుడో ఆగిపోయిన వాన ఆకుల మీంచి ఇంకా కారుతూనే ఉంది. ఇన్ని నీళ్ళు ఊరికే పోతున్నాయే అని దోసిలి పట్టాను. ముంగితో అంటే, వాడు తల కూడా తిప్పలేదు.

గూడెం పెద్దాయన అంబలి పోసి, "ఈ పిల్లోడు నీకేమయితాడప్పా?" అని నన్నడిగాడు. నాకేం పోయేకాలమో, "నా బామ్మర్ది. వాళ్ళక్కను చేసుకున్న్యా" అనేశాను. ఇంత అడవిలో అన్న మాట మైదుకూరు దాకా నడిచిపోతుందా అని నా ధైర్యం. ముంగికి అంబలి పొలమారింది. "బామ్మర్ది ఎంట వచ్చినాడు గదా, ఇంకేం! పొద్దన తేనె నువ్వే దింపుకో" అన్నాడు పెద్దాయన.

ఆ మాటకు అర్థం తెల్లారి తెలిసింది. తేనెపట్టు కొండచరియకు వేలాడుతుంది. నడుముకు తాడు కట్టుకొని ఒకడు దిగాలి. పైన ఆ తాడు పట్టేది బామ్మర్దే. తోడబుట్టినవాణ్ణి కూడా ముట్టనివ్వరు. "అన్నదమ్ములకు ఏ మనసులో ఏముంటాదో. బామ్మర్ది అట్లగాదు, అక్క తాళి తెగుతాదని చెయ్యి వదల్డు" అన్నాడు పెద్దాయన. నేను ఆలోచించుకున్నాను. ముంగి అక్క మెడలో తాళే లేదు. నిజం చెప్పేద్దామంటే గూడెం ఆడవాళ్ళంతా చూడ్డానికొచ్చి నిలబడ్డారు. పరువు పోతుందని తాడు ముంగి చేతికిచ్చి దిగాను.

సగం దిగాక తాడు ఆగింది. పైనుంచి ముంగి గొంతు వినిపించింది. వాడు నాతో నోరు విప్పడం అదే మొదలు.

"ఏమప్పా! మా యక్కను నువ్వెప్పుడు చేసుకున్న్యావు?"

"లాగు నాయనా, ఈగలు లేస్తాండాయి!"

"ఇంక మా యక్క జోలికి రానని చెప్పు, లాగుతా."

కిందికి చూశాను. నేల ఉంది గానీ, నాకు పనికొచ్చేంత దగ్గర్లో లేదు. ఇంతలో ఒక ఈగ ముక్కు మీద కుట్టింది. సరేనంటే పోయేది, ప్రాణం కంటే పిల్ల ఎక్కువా? ఎక్కువేనని అక్కడ వేలాడుతుంటే తెలిసింది. అది అంతవరకూ నాక్కూడా తెలియదు. "అనను పోరా! వదిల్తే వదులుపో!" అని అరిచాను. అరుపు సగంలోనే ఏడుపైపోయింది.

పైనుంచి పెద్దాయన కేక: "ఏందిరా ఆలోచన! మీ బావ గాల్లో ఊగుతాండాడు, లాగు!"

తాడు కదిలింది. పైకొచ్చి చూస్తే ముంగి అరచేతులు తోలు లేచిపోయి ఉన్నాయి. తేనె సంగతి మా ఇద్దరికీ గుర్తులేదు. పెద్దాయనే తన బామ్మర్దిని పిలిచి, తాను దిగి తెచ్చిచ్చాడు. ఇల్లు చేరాక నా ముక్కు చూసి ఆ పిల్ల కండె వదిలేసి నవ్వుతుంటే, ముంగి వాళ్ళ నాయనతో అన్నాడు: "తాడు పట్టిన్యా నాయనా. ఇంక నేను ఆయప్పకు బామ్మర్దినే."

ఇప్పటికీ అటక మీంచి ఏదన్నా దించాలంటే, ముంగి వచ్చేదాకా మా ఆవిడ నన్ను నిచ్చెన ఎక్కనివ్వదు. వాడొస్తాడు. నా కాళ్ళకంటే వాడి చేతులే ఎక్కువ వణుకుతుంటాయి. నిచ్చెన పట్టుకొని "ఎక్కు బావా" అంటాడు. నేను ఎక్కుతాను.