కౌన్సిలర్ కొమురయ్య గారి అనుమానాలు

పక్కింట్లో టైల్స్ వేస్తున్నారు. మేస్త్రీ పరిచిన ప్రతి టైల్ మీదా తాపీ పిడితో టక్కుటక్కుమని కొట్టి, కింద ఎక్కడైనా గుల్ల ఉందేమోనని చెవి పెట్టి వింటున్నాడు. పొద్దున్నుంచి ఆ చప్పుడు నన్ను ఒక్క పనీ చేసుకోనివ్వడం లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటి చప్పుడు వింటేనే నాకు ఒళ్లు మండేది. అప్పుడు నేను పెద్దపల్లి నుంచి బొగ్గుబావుల ఊరికి వచ్చిన మున్సిపల్ ఇంజనీరును. కొమురయ్య గారు ఆ ఊళ్లో ఒక వార్డు కౌన్సిలర్, బావిలో పనిచేసి రిటైరైన కార్మికుడు. ఇనుప పొన్ను వేసిన కర్ర చేతిలో లేకుండా గడప దాటేవారు కాదు.

మొదటిసారి ఆయనను మురికికాలువ దగ్గర చూశాను. కొత్తగా వేసిన పలకలను నేను కొలిచి పుస్తకంలో రాసుకుంటుంటే, ఆయన వెనకే వచ్చి ఒక్కొక్క పలకనూ కర్రతో కొట్టడం మొదలుపెట్టారు.

"నేను చూసిన గద సార్" అన్నాను, కోపం దాచుకోకుండానే.

"నువ్వు కండ్లతోని జూసినవ్ బిడ్డా, నేను చెవులతోని జూస్తున్న. బాయిల ముప్పై ఏండ్లు జేసిన. దిగంగనే పైకప్పును కొట్టి ఇనేది. ఖంగుమంటె పని, డొల్లగ పలికితె ఎన్కకు. కండ్లను నమ్మినోళ్లు కొందరు మల్ల పైకి రాలే."

మాట బాగానే ఉంది, మనిషి మీద నమ్మకం మాత్రం కుదరలేదు. పలకలు కొట్టే నాయకుడు కాంట్రాక్టరు నుంచి ఏదో ఆశిస్తున్నాడని మా ఆఫీసులో అందరి లెక్క. ఆయన తీరు కూడా ఎవరినీ నమ్మనట్టే ఉండేది. నల్లా రావడం లేదని ఎవరైనా వస్తే "నువ్వు తిప్పి జూసినవా?" అని అడిగి, వాళ్లింటికి పోయి తానే నల్లా తిప్పేవారు. పింఛను ఆగిందని ముసలమ్మ ఏడిస్తే, ఆమెను వెంటబెట్టుకుని ఆఫీసుకు వచ్చి, జాబితాలో ఆమె పేరు చూపించేదాకా బల్ల ముందు నుంచి కదిలేవారు కాదు. ఆయన మమ్మల్ని నమ్మేవారు కాదు, మేము ఆయనను నమ్మేవాళ్లం కాదు.

ఒకరోజు ఆయన అంగన్‌వాడీ పైకప్పును కర్రతో పొడిచి చూసి, అది డొల్లగా పలుకుతోందని, పిల్లలను ఖాళీ చేయించి భవనం కూలగొట్టాలని ఆఫీసుకు వచ్చారు. నేను పోయి చూశాను. ఒక్క బీట కూడా లేదు, పైగా కొత్తగా సున్నం వేసి ఉంది. ఆయన మేనల్లుడు శ్రీను అప్పుడే కాంట్రాక్టులు మొదలుపెట్టి పనుల కోసం మా ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడు. నాకు అంతా అర్థమైపోయినట్టే అనిపించింది. మేనల్లుడికి పని ఇప్పించడానికే బాగున్న భవనాన్ని పడగొట్టిస్తున్నాడని కమిషనర్‌కు ఒక ఆకాశరామన్న ఉత్తరం రాశాను. స్లాబు మందం, దూలాల కొలతలతో సహా రాశాను. కమిషనర్ కూల్చివేత ఫైలును పక్కన పెట్టేశారు.

కొమురయ్య గారు ఆర్డరు కోసం ఆగలేదు. ఇరవై మంది పిల్లలను, టీచరమ్మను, చాపలతో, వంట గంజులతో సహా తన ఇంటికి తీసుకుపోయారు. ఆ దారిన పోతుంటే ఆయన భార్య రాజవ్వ గొంతు వినిపించేది. "గిది ఇల్లా, బడా? కాలు వెట్ట జాగ లేదు. ఇంకెన్ని దినాలయ్యా?" అదీ ఓట్ల కోసమేనని అనుకుంటూ ముందుకు పోయేదాన్ని.

అలా రెండు నెలలు గడిచాయి. రెండు రోజులు ముసురు పట్టింది. మూడో రోజు మధ్యాహ్నం అంగన్‌వాడీ స్లాబు నడిమధ్యలో ఊడిపడింది. నేను పోయేసరికి, అన్నం తిన్నాక పిల్లలను పడుకోబెట్టే చోట కాంక్రీటు పెళ్లలు కుప్పగా పడి ఉన్నాయి. పైన చువ్వలు తుప్పు పట్టి పుల్లల్లా వేలాడుతున్నాయి. పక్కనే కొమురయ్య గారు మిగిలిన కప్పును కర్రతో కొట్టి వింటున్నారు. ఆ చప్పుడు వింటుంటే నాకు భయం వేసింది.

ఇంత జరిగినా, కొత్త భవనం పని శ్రీనుకే దక్కినప్పుడు నా అనుమానం మళ్లీ లేచి కూర్చుంది. నిజం చెప్పాలంటే కొంచెం సంతోషం కూడా వేసింది, నేను రాసిందంతా అబద్ధం కాదని. స్లాబు కింద ఊతంగా పెట్టిన చెక్కలు తీసిన రోజు కొమురయ్య గారు వచ్చి మూల నుంచి మూలకు కొట్టుకుంటూ పోయారు. ఒకచోట ఆగి, మళ్లీ కొట్టి, "గీడ గుల్లున్నది. తీసెయ్" అన్నారు.

శ్రీను మొహం ఎర్రబడింది. "అందరి ముంగట ఇజ్జత్ తీస్తున్నవ్ మామా!"

"ఇజ్జత్ మల్లస్తదిరా. పోరగాండ్లు రారు."

శ్రీను స్లాబు మళ్లీ వేశాడు. ఆ తర్వాత మేనమామ గడప తొక్కలేదు. మరుసటి ఎన్నికల్లో శ్రీను కుటుంబమంతా ఎదుటి అభ్యర్థి వెంట తిరిగింది, కొమురయ్య గారు ఓడిపోయారు.

బావిలో పీల్చిన దుమ్ము చివరికి ఆయన ఊపిరిని పట్టుకుంది. చూడటానికి పోతే మంచం మీద నుంచే "ఏమన్న పని వడ్డదా?" అని అనుమానంగా అడిగారు. ఏమీ లేదన్నాను. రాజవ్వ టీ తెచ్చింది. ఆమె లోపలికి పోయేదాకా ఆగి, ఆయన మెల్లగా అన్నారు.

"గా ఉత్తరం కమిషనర్ నాకు సూపిచ్చిండు, నువ్వే రాసినవని నాకెరుకే. గంత సాఫుగ కొలతలు రాసేటోళ్లు మీ ఆఫీసుల ఇంకెవలున్నరు?"

నేను గ్లాసు కింద పెట్టి ఆయన వైపు తిరిగాను.

"అనుమానపడ్డందుకు నాకు కోపం లేదు బిడ్డా. కౌన్సిలర్ మీద అనుమానపడాల్సిందే. కని దినాం నా ఇంటి ముంగట్నుంచే పోతివి. ఒక్కనాడన్న ఆగి, 'కొమురయ్యా, గిది నీ మేనల్లుని కోసమేనా?' అని అడగకపోతివి. పైకెక్కి కప్పు తవ్వి సూపిద్దును."

క్షమించమని అడగలేదు. టీ తాగి వచ్చేశాను. ఆ నెలలోనే ఆయన పోయారు.

నా అనుమానపు బుద్ధి ఇప్పటికీ పోలేదు, పోవాలని కూడా లేదు. కానీ ఎవరి మీద అనుమానం కలిగినా వాళ్ల ఎదురుగా కూర్చుని అడిగేస్తున్నాను. దానివల్ల ఆఫీసులో నాకు దోస్తులు తక్కువ. ఆనాటి అంగన్‌వాడీ పిల్లలు ఇప్పుడు ఇంటర్ చదువుతున్నారు. బజారులో ఎదురైతే "నమస్తే మేడమ్, మా బడి కట్టించింది మీరే గద" అంటారు. నేను నవ్వి తల ఊపుతాను. ఆ ఉత్తరం సంగతి వాళ్లకు ఇంకా చెప్పలేదు.