తీసుకొచ్చిన మనిషి

మా నాన్న హత్య కేసులో ఫిర్యాదు రాసింది నేనే. మాటలు మా మేనమామవి, కింద సంతకం మా అమ్మది, చేతిరాత నాది. మా ఊళ్ళో పోలీసులకు ఏదైనా రాసివ్వాల్సి వస్తే డిగ్రీ చదివిన వాళ్ళ కోసం వెతుకుతారు. ఆ రోజు ఆసుపత్రి వరండాలో డిగ్రీ ఉన్నది నాకొక్కదానికే.

గొడవ బోదె దగ్గర మొదలైంది. కాలవ నుంచి పొలాలకు నీళ్ళు తెచ్చే చిన్న పాయ అది, మా చేనుకీ పక్క చేనుకీ మధ్యలో పోతుంది. ఏటా నాట్లకు దమ్ము చేసే ముందు మా నాన్న దాని గట్టును అటు జరిగేలా ఇంత చెక్కేవాడు, పక్క చేను ఆసామి ఇటు జరిగేలా ఇంత చెక్కేవాడు. పోయాడు కదా అని నాన్నను దేవుణ్ణి చెయ్యలేను. పారతో నేల దొంగిలించడంలో ఇద్దరూ ఇద్దరే. కాని పార ఎత్తి మనిషి తల మీద వేసింది మాత్రం ఆ పక్క చేను ఆసామే. రెండు దెబ్బలు. క్యారేజీ పట్టుకుని వస్తున్న మా అమ్మ కళ్ళారా చూసి, అక్కడే గట్టు మీద పడిపోయింది.

ఆ ఆసామికి ఒక తమ్ముడున్నాడు. అవతలి మడిలో ఉన్నవాడు కేకలు విని పరిగెత్తుకొచ్చి, మా నాన్నను భుజాన వేసుకుని రోడ్డెక్కి, ఆటో ఆపి, బెజవాడ పెద్దాసుపత్రికి తీసుకొచ్చాడు. నేను పటమట నుంచి స్కూటీ మీద వెళ్ళేసరికి క్యాజువాలిటీ బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. చొక్కా అంతా నెత్తురు. తీసుకొచ్చింది ఎవరని అడిగితే తన పేరూ, తండ్రి పేరూ చెప్పి రాయించాడు. నేను పక్కనే ఉన్నాను. గంట తర్వాత నాన్న పోయాడు. మా వాళ్ళు గుంపుగా వస్తుంటే చూసి, ఆ మనిషి వెనక గేటులోంచి వెళ్ళిపోయాడు.

మా మేనమామ నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి తెల్లకాగితం ఇచ్చాడు.

"ఆ ఇంట్లో మగాళ్ళు ఇద్దరు. ఇద్దర్నీ రాయి" అన్నాడు.

"వాళ్ళలో చిన్నాయనే కదా మావయ్యా నాన్నను తీసుకొచ్చింది."

"ఒకడు బయటుంటే రేపు సాక్షుల ఇళ్ళ చుట్టూ తిరిగేది వాడే. రాయమ్మా, నీ తెలివి తర్వాత చూపిద్దువుగాని."

పెద్దాయన పారతో, చిన్నాయన కర్రతో కొట్టారని రాశాను. కాలేజీలో ప్రిన్సిపాల్‌తో, కాలనీలో అసోసియేషన్‌తో, చర్చిలో పాస్టరుగారితో వాదించిన దాన్ని. ఆ ఒక్క రోజు వాదించలేదు. నాన్న శవం లోపల ఉంది, కోపం చేతిలో ఉంది, అంతే.

కోర్టులో అమ్మ కాగితంలో ఉన్నట్టే చెప్పింది. నన్నూ బోనెక్కించారు. ఈ చేతిరాత నీదేనా అన్నారు, నాదే అన్నాను. అడగని వాటికి జవాబులు చెప్పొద్దని సర్కారు వకీలు ముందే హెచ్చరించారు. ఎవరూ ఇంకేమీ అడగలేదు.

మరి చిన్నాయన నిజం ఎందుకు చెప్పుకోలేదంటే, అది వాళ్ళింటి నిర్వాకం. అన్నదమ్ములిద్దరికీ ఒకే వకీలు. ఆ రోజు ఇద్దరూ ఊళ్ళోనే లేరు, మైలవరంలో సంబంధం చూడటానికి వెళ్ళారని వాదించాడు. నేనే ఆసుపత్రికి తీసుకెళ్ళానని తమ్ముడంటే అన్నగారి మైలవరం కథ ఆ నిమిషంలోనే కూలిపోతుంది. అన్న కోసం నోరు మూసుకున్నాడు. పోలీసులకు దొరికిన ఆ చొక్కా మీది నెత్తురే ఆయన మీద సాక్ష్యమైంది. వాళ్ళ అబద్ధం, మా అబద్ధం రెండూ వచ్చి ఒక్క మనిషి మీద పడ్డాయి. సెషన్స్ కోర్టు ఇద్దరికీ జీవిత ఖైదు వేసింది.

ఆ తీర్పు తర్వాత పటమటలో నా దగ్గరికి వచ్చేసిన అమ్మ, చర్చిలో ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం మానేసింది. ఒప్పుకోని పాపం మనసులో ఉంటే అవి ముట్టకూడదంటారు. బెంగతో అనుకున్నారు అందరూ. నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకూ తెలుసు.

ఏళ్ళు గడిచి హైకోర్టులో అప్పీలు విచారణకు వస్తోందని కబురందాక, ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు. ఆసుపత్రిలో చిన్నాయన పేరు రాయించిన సంగతి ఆయన ఇంటివాళ్ళకు చెప్పేస్తానన్నాను. అమ్మ చింతపండు పిసుకుతున్నది ఆగింది.

"చిన్నవాడు కొట్టాడన్నది అబద్ధమని తేలితే నేను చెప్పిందంతా అబద్ధమే అంటారు. పెద్దవాడు కూడా బయటికొస్తాడు. మీ నాన్నను చంపినవాడు నా ఎదురుగా బజార్లో తిరిగితే చూడమంటావా?"

"చూడమనట్లేదు. ఇంకొకడు లోపలున్నాడు, అదీ చూడలేకపోతున్నాను."

"నాకు మాత్రం కనబడట్లేదనుకున్నావా" అంది. వద్దని మాత్రం అనలేదు.

చిన్నాయన భార్య కూచిపూడి దగ్గర పుట్టింట ఉంటూ, అక్కడి బడిలో మధ్యాహ్న భోజనం వండుతోంది. వెళ్ళాను. కూర్చోమనలేదు.

"ఇంకా ఏం మిగిలిందని వచ్చావు?"

"మీ ఆయనకు వేరే ప్లీడర్ని పెట్టు. ఆసుపత్రి కాగితం కోర్టు కట్టలోనే ఉంది. తీసుకొచ్చినవారు అన్నచోట ఎవరి పేరుందో చూడమని చెప్పు."

పప్పు తిప్పుతున్న గరిట ఆపింది.

"ఇన్నేళ్ళూ తెలుసా నీకు?"

"తెలుసు."

"మరి నోరేమైంది? నాలుగు వీధులకు వినబడుద్దిగా నీ నోరు."

బస్సెక్కి పటమట వచ్చేశాను.

ఆమె అడ్డుపడ్డ బావగారి పిల్లలతో పోట్లాడి మరీ వేరే ప్లీడర్ని పెట్టింది. వాదనలయ్యాక తీర్పు కోసం ఎదురుచూసిన ఆ వారాల్లో అమ్మ నాతో ముక్తసరిగా మాట్లాడేది. నేను చేసిన పనికి హంతకుడు కూడా విడుదలైతే ఆమెకు ఏం చెప్పాలో నాకూ తెలియదు.

తీర్పు ఫోనులోకే వచ్చింది. ఇంగ్లీషు పేజీలు గబగబా జరిపి చివరిది చదివాను. తర్వాత కూర్చుని, మొదటి నుంచి చదివాను. గాయాలు రెండూ పారవే, కర్ర దెబ్బ ఒక్కటీ లేదు. పెద్దవాడి విషయంలో మృతుడి భార్య సాక్ష్యాన్ని గాయాలు బలపరుస్తున్నాయి. కొట్టినవాడైతే భుజాన వేసుకుని తెచ్చి, సొంత పేరు రాయించి ఉండేవాడు కాదు.

"పెద్దవాడు?" అంది అమ్మ.

"లోపలే. శిక్ష ఖాయం చేశారు."

"చిన్నవాడు?"

"వదిలేశారు."

అమ్మ లోపలికి వెళ్ళి మంచం మీద వాలింది. నేనూ పక్కన వాలాను. పగటి నిద్ర సోమరితనమని నన్ను చిన్నప్పటి నుంచీ తిట్టిన మనిషి, సాయంత్రం నాలుగున్నర దాకా గురక పెట్టింది.

నెల తర్వాత చిన్నాయన పటమటలో మా ఇంటికి వచ్చాడు. జుట్టు తెల్లబడింది. చెప్పులు గుమ్మం బయట విప్పి, కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

"తిట్టటానికి వచ్చానమ్మాయ్" అన్నాడు.

"తిట్టండి బాబాయ్."

తిట్టాడు. మా మేనమామను, నన్ను, నా చదువును, తన అన్నను, వాళ్ళ పాత వకీలును వరసగా తిట్టాడు. నా వీపు మీది బరువు ఒక్కో తిట్టుకు కొంచెం కొంచెం దిగుతున్నట్టుంది. మధ్యలో, బోదె చెక్కడం మొదలెట్టింది మా నాన్నేనన్నాడు. అది మాత్రం నేను ఒప్పుకోలేదు. కాసేపు వాదించుకున్నాం కూడా.

అప్పుడు అమ్మ గదిలోంచి వచ్చింది. ఆయన లేచి నిలబడ్డాడు. అమ్మ గోడకు చెయ్యి ఆనించుకుంది. ఆసుపత్రికి వెళ్ళే దారంతా నాన్నతో ఉన్నది ఆ ఒక్క మనిషే. ఆ మనిషిని జైల్లో పెట్టించిన నోటితో ఇన్నేళ్ళూ అడగలేకపోయిన మాట, అప్పుడడిగింది.

"ఆటోలో ఆయన ఏమన్నా మాట్లాడారా?"

"ఒక్కసారి కళ్ళు తెరిచాడు వదినా. మడిలోకి నీళ్ళు ఎక్కువ పోతున్నాయి, మడవకు మట్టేసి కట్టావా అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"కట్టానన్నాను. కట్టలేదనుకో. మనిషి కాస్త నిమ్మళించాడు."

అమ్మ చాలాసేపు తల ఊపుతూనే ఉంది. తర్వాత ఆయనను కూర్చోమని చెప్పి, తనూ ఎదురుగా కూర్చుని, ఆటో ఎక్కడెక్కారో మొదటి నుంచి చెప్పమంది.