గుండు కొట్టించుకున్న పిల్లి

కాలువ పక్కన పురుగులు చావాలని చల్లిన గమాక్సిన్ పొడి వాసన తగిలితే, తిరుపతిలోని మా ఇంటి పిల్లి గుర్తొస్తుంది. ఒంటినిండా పేలు పట్టాయని నాయన దానికి ఆ పొడే రుద్దాడు. వీపు ఎర్రగా కమిలి, బొచ్చంతా రాలిపోయింది.

“దీనికి గజ్జి పట్టింది పాపా, మీకూ అంటుకుంటాది. గోతంలో ఏసి ఏటి అవతల ఇడిసిపెట్టొస్తా,” అన్నాడు నాయన.

“గజ్జి గాదు నాయనా! కొండకు పొయ్యి గుండు కొట్టించుకోనొచ్చింది!” అని ఏడ్చాను. నిజంగానే అలా నమ్మాను.

నాయన పకపకా నవ్వాడు. “అట్టయితే తానం చేపించి గంధం పుయ్యి, సూస్తాం.”

అది గీరుతున్నా వదలకుండా గోరువెచ్చని నీళ్లతో కడిగాను. గుండుకు పూసినట్టే వీపంతా గంధం పూశాను. మెల్లగా బొచ్చు మొలిచింది. “మా పాప బతికించిన పిల్లి, సూడప్పా,” అని నాయన వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు.

గంధం వల్ల కాదు, ఒంటిమీది ఆ విషప్పొడి నీళ్లకు పోవడం వల్లే అది బతికిందని పెద్దయ్యాక తెలిసింది. అయినా, కడిగిన చేతులు నావేగా!