పాలివ్వనివ్వని మా అత్తమ్మ

మా అత్తమ్మ పోయిన నెల చనిపోయింది. పొద్దున శామీర్‌పేట చెరువు దగ్గర్నుంచి చేపల గంప తెచ్చి దించి, చెమటలు పడుతున్నాయని అరుగు మీద కూర్చుంది. నేను మంచినీళ్లు తెచ్చేలోపే ఒరిగిపోయింది.

దినాల నాడు చుట్టపు ఆడవాళ్లు ఆమె గురించి మాట్లాడుకున్నారు. "మనిషి మంచిదే. గని కోడలిని ఒక్కరోజు సుత బిడ్డకు పాలియ్యనియ్యలే. గంత మొండితనమేందో!" అంది ఒకామె. మిగతావాళ్లు తలలూపారు. ఆ మాటకు జవాబు నా దగ్గరుంది. ఆమె బతికుండగా చెప్పనివ్వలేదు.

నా భర్త మేడ్చల్ వైపు ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. నేను కడుపుతో ఉండగా జ్వరాలతో చిక్కిపోయి, కన్నుమూశాడు. ఆయనకు హెచ్.ఐ.వి. అని అప్పటికే తేలింది. తర్వాత డాక్టర్లు నా రక్తం కూడా చూశారు. నాకూ ఉంది. ఆసుపత్రి వరండాలో అత్తమ్మకు ఆ మాట చెప్పి తల వంచుకున్నాను. ఇంట్లోంచి పొమ్మంటుందనుకున్నాను. ఆమె కొంగు మడతలు పెట్టింది, విప్పింది.

"నా కొడుకు తెచ్చిండు. నువ్వు తెచ్చుకున్నవా? లే, మేడమ్ పిలుస్తాంది" అంది.

లోపల సలహాలు చెప్పే మేడమ్ మాకు ఓపిగ్గా వివరించింది. తల్లికున్నది బిడ్డకు రావాలనేమీ లేదట. కడుపులో ఉండగానో, కాన్పప్పుడో, పాల వల్లో రావచ్చు, రాకపోనూవచ్చు. నొప్పులప్పుడు నాకొక మాత్ర, పుట్టగానే బిడ్డకు చుక్కల మందు ఇస్తామంది. తల్లిపాలైతే తల్లిపాలే, డబ్బా పాలైతే డబ్బా పాలే ఇవ్వాలి, రెండూ కలపకూడదు అంది.

"డబ్బా పాలే పోస్తం. నీళ్లెట్ల కాగబెట్టాల్నో జెప్పు బిడ్డా" అంది అత్తమ్మ.

ఆడపిల్ల పుట్టింది. ఇంటికొచ్చాక రొమ్ములు గడ్డకట్టి జ్వరం వచ్చింది. అత్తమ్మ మల్లెపూలు తెచ్చి, పాలు ఇగిరిపోయేదాకా రోజూ గుడ్డలో పెట్టి రొమ్ములకు కట్టింది. మగడు పోయిన ఇంట్లో మల్లెపూలేమిటని పూలామె అడిగితే దేవుడి పటానికని చెప్పిందట. చేపలు కోసే మనిషి కదా, పాపను ముట్టుకునే ముందు మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుని, వేళ్లు వాసన చూసుకునేది. నీళ్లు మరిగాయని నేను దించబోతే, "ఇంకో పొంగు రానియ్యి" అనేది. ఇప్పటికీ పొయ్యి దగ్గర నిలబడితే ఆ మాట వినిపించి చెయ్యి ఆగుతుంది.

ఒకరోజు మా అమ్మ తూంకుంట నుంచి వచ్చింది. ఆమెకేమీ తెలియదు. పాప ఏడుస్తుంటే డబ్బా పాల గిన్నె పక్కకు నెట్టి, "తల్లి పాలుండంగ డబ్బా పాలేంది వదినే?" అంటూ పిల్లను తెచ్చి నా ఒళ్లో పెట్టింది. పాప నా రవికెను నోటితో వెతుక్కుంది. అత్తమ్మ గబగబా వచ్చి పిల్లను లాక్కుంది.

"నా ఇంటి పిల్ల, నా ఇష్టం. పాలిస్తే నీ బిడ్డ ఒళ్లు కరాబైతది. రేపు నా ఇంట్ల పనెవలు జేస్తరు?"

"గింత రాతి గుండెనా నీది!" అని మా అమ్మ ఏడుస్తూ, అన్నం ముట్టకుండా వెళ్లిపోయింది. వాడంతా విన్నది.

"అమ్మకన్న జెప్పుదాం అత్తమ్మా" అన్నాను.

"మీ అమ్మ కడుపుల దాసుకోలేదు. ఊరంత ఎరుకైతది. రేపు బడిల పిల్లను పక్కకు గూసోబెడ్తరు. నన్ను గయ్యాళంటరా, అననియ్యి. గా మాటతోని నాకు జరమొస్తదా?"

ఆ పేరు ఆమెకు చచ్చేదాకా అంటుకుంది. దాన్ని తుడుచుకోవడానికి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. సర్కారు ఆసుపత్రిలో మందులు ఇవ్వడం మొదలయ్యాక, వేళకు మింగించి నన్నూ నిలబెట్టింది ఆమే. మొన్న మా అమ్మకు అంతా చెప్పాను. "ఒక్కపారన్న వదినె కాళ్లు మొక్కకపోతిని" అని ఏడ్చింది. మా అమ్మకు చెప్పాకే ఇది రాస్తున్నాను. పేర్లు రాయడం లేదు. పిల్ల బడికి పోతోంది, అత్తమ్మ భయం ఇంకా నిజమే.

ఆ రోజుల్లో, పాపకు ఏడాదిన్నర నిండాక ఆఖరి రక్తపరీక్ష చేశారు. "పాపకు లేదమ్మా" అంది మేడమ్. అత్తమ్మ అర్థం కానట్టు చూసింది. "మల్లొక్కసారి జెప్పు బిడ్డా" అంది. ఆమె మళ్లీ చెప్పింది. అత్తమ్మ ఏడవలేదు, నవ్వలేదు. బస్సులో దారి పొడుగునా పాప అరికాళ్లను తన అరచేతుల్లో పట్టుకుని కూర్చుంది.

బస్సు దిగాక ఇంటికి రాలేదు. పాపను భుజాల మీద ఎక్కించుకుని చెరువు కట్ట మీదికి నడిచింది. వెనక నేను. సాయంత్రం ఎండలో వలలు విదిలించుకుంటున్న వాళ్లనూ, బర్రెలను తోలుకొస్తున్న వాళ్లనూ, ఎదురొచ్చిన ప్రతి ఒక్కరినీ ఆపింది. "సూడుండ్రి, నా మనుమరాలు" అంది. వాళ్లు నవ్వారు, రోజూ చూసే పిల్లే కదా అని. ఆమె మాత్రం ఇంకొకరిని ఆపడానికి ముందుకు నడుస్తూనే ఉంది. పాప రెండు చేతులతో ఆమె నెరిసిన జుట్టు పట్టుకుని ఊగుతోంది.