ఇంటర్వెల్ లేని మ్యాట్నీ

ఆ హాల్లో ఇంటర్వెల్ ఎక్కడ ఇవ్వాలో తేల్చేది యజమాని కాదు, ఆపరేటర్. చాలా సినిమాలకు ఆ బాధ ఉండదు, తీసినవాళ్లే "విశ్రాంతి" అని వేసి పంపిస్తారు. వేరే భాషలో తీసి డబ్బింగ్ చేసినవి కొన్ని మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఒకే పరుగు. అలాంటిది వచ్చినప్పుడు ఆపరేటర్ పొద్దున్నే ఖాళీ హాల్లో వేసుకుని చూసి, సగానికి కాస్త అటూ ఇటూగా, జనం "అయ్యో, తర్వాతేమైంది" అనుకునే చోటు చూసి పెట్టుకునేవాడు. పదో తరగతి తప్పి, రీళ్లు మోయడానికి ఈ హాలుకొచ్చిన మనిషి. రీళ్లు పోయి కంప్యూటరు పెట్టె వచ్చినా ఆ చోటు పట్టడంలో అతని పేరు పోలేదు. "మావాడు ఆపితే ఒక్కడూ ఇంటిదారి పట్టడు, అందరూ నా దగ్గరికే వస్తారు" అని క్యాంటీన్ నడిపే స్నేహితుడు గొప్పలు పోయేవాడు.

ఆ స్నేహితుణ్ణి అందరూ కెటిల్ అంటారు. చేతిలో ఎప్పుడూ టీ కెటిల్ ఉంటుందని కొందరంటారు, కోపమొస్తే ముక్కులోంచి ఆవిరి వస్తుందని ఇంకొందరు. కెటిల్‌కి భార్య, ఇద్దరు ఆడపిల్లలు. ఆపరేటర్ పెళ్లి చేసుకోలేదు, భర్త పోయిన అక్క దగ్గర ఉంటాడు. ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేకపోయినా ఒకరినొకరు "బావా" అనే పిలుచుకునేవారు. రంగులకీ కుర్చీల రిపేర్లకీ హాలు మూసే వారంలో ఏటా బస్సెక్కి సముద్రం ఒడ్డున ఒక లాడ్జికి పోయేవారు. ఒకటే గది. పగలంతా ఇసుకలో నడవడం, సాయంత్రం వరండాలో పేకాడటం, కెటిల్ తొండి చేయడం, ఆపరేటర్ చూసీ చూడనట్టు ఊరుకోవడం. ఆపరేటర్ మిగతా ఏడాదంతా బతికేది ఆ వారం కోసమేనని ఎవరికీ తెలియదు. అతనికైనా పూర్తిగా తెలుసో లేదో.

యజమాని ఆ డబ్బింగ్ బొమ్మని పోస్టర్ చూసి తీసుకున్నాడు. నీలం సముద్రం, పాత స్కూటరు, దాని మీద పళ్లికిలిస్తూ ఇద్దరు మగాళ్లు. "కడుపుబ్బ నవ్వించే విహారయాత్ర" అని గేటు దగ్గర బోర్డు కూడా పెట్టించాడు. సినిమా ఆలస్యంగా అందడంతో ముందు చూసుకునే వీలు దొరకలేదు. చూస్తూ చూస్తూనే ఎక్కడో ఒకచోట ఆపేద్దామనుకుని ఆపరేటర్ మ్యాట్నీకి బొమ్మ వేసేశాడు.

మొదట్లో నవ్వులే. నిశ్చితార్థం తప్పిపోయినవాడొకడు, వాణ్ణి ఊరడించడానికి సెలవు పెట్టి సముద్రానికి లాక్కుపోయే చిన్ననాటి స్నేహితుడొకడు. స్కూటరు చెడిపోతుంది, దారి తప్పుతారు, లాడ్జిలో ఒక్కటే మంచం దొరుకుతుంది. హాలంతా నవ్వింది. ఆపరేటర్ కూడా పైన ప్రొజెక్టర్ గదిలో గాజు కిటికీ దగ్గర నిలబడి నవ్వాడు. తర్వాత ఒడ్డున నడుస్తుంటే ఒకడి పాదంలో గవ్వపెంకు గుచ్చుకుంది. రెండోవాడు ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని పెంకు తీశాడు. తీశాక కూడా పాదం వదల్లేదు.

ఆపాల్సింది అక్కడే. ఆపరేటర్ వేలు బటన్ మీదికి వెళ్లింది కూడా. కానీ ఆపితే లైట్లు వెలుగుతాయి, జనం లేస్తారు, ఆ పాదం ఆ ఒళ్లోంచి జారిపోతుందనిపించింది. ఇంకొక్క నిమిషం చూద్దామనుకున్నాడు. ఆ నిమిషం తెగలేదు. తెరమీద వాళ్లిద్దరూ దగ్గరయ్యారు, భయపడ్డారు, పోట్లాడి విడిపోయారు, చివరికి బస్టాండులో మళ్లీ ఎదురుపడ్డారు. కింద కొందరు ఈలలేశారు, కొందరు తిట్టుకుంటూ లేచిపోయారు, కొందరు కదలకుండా కూర్చున్నారు. ఇంటర్వెల్ ఆలస్యమైతే క్యాంటీన్‌లోంచి నొక్కడానికి ఒక బెల్లుంది. కెటిల్ నొక్కి నొక్కి అలిసిపోయాడు. పైనున్నవాడికి వినబడితేగా.

బొమ్మ అయిపోయాక కెటిల్ మెట్లెక్కి వచ్చాడు.

"ఏం బావా, ఉన్నావా పోయావా? కాచిన టీ కషాయమైంది. పాప్‌కార్న్ గంపెడు మిగిలింది. మీ అక్కకి పంపనా, దిండ్లలో కూరుకుంటుంది?"

"మర్చిపోయాను బావా," అన్నాడు ఆపరేటర్, ఇటు తిరక్కుండా.

"చేప ఈత మర్చిపోయిందంటే నమ్ముతాగానీ, నువ్వు ఇంటర్వెల్ మర్చిపోవడమేంటి?"

అప్పుడు కనిపించాయి కెటిల్‌కి ఆ ఎర్రబడ్డ కళ్లు. గొంతు తగ్గించాడు. "అంత బాగుందా సినిమా? దేని గురించేంటి?"

"ఫస్ట్ షో నువ్వే చూడు."

ఫస్ట్ షోకి కెటిల్ టీ పొయ్యి తగ్గించి తలుపు పక్కన నిలబడి చూశాడు. చూశాక పైకి రాలేదు.

మర్నాడు గేటు తాత అందుకున్నాడు. "మీరూ ఏటా సముద్రానికి పోతారుగా కెటిల్, ఆ డైరెక్టరుకి మీ సంగతి ఎవరు చేరేశారు?"

టికెట్లమ్మ కిటికీలోంచి తొంగి చూసింది. "మీ లాడ్జిలో మంచాలెన్నో చెప్పు ముందు."

కెటిల్ అందరికంటే గట్టిగా నవ్వాడు. "నాకు పెళ్లాం ఉందమ్మా. లేనివాణ్ణి అడగండి."

ఆపరేటర్ మెట్ల మీదే ఉన్నాడు. అతనికి వినబడింది. వినబడిందని కెటిల్ కూడా చూశాడు, తల తిప్పుకున్నాడు.

ఆ రోజు నుంచి "బావా" అన్న పిలుపు పోయింది. "ఆపరేటర్ గారూ, టీ పెట్టాను" అనేవాడు కెటిల్. ఆ "గారు" చెంప మీద కొట్టినట్టుండేది. నాలుగు రోజులకే బొమ్మ ఎత్తేశారు, పోస్టర్ మీద ఇంకో పోస్టర్ పడింది. పిలుపు మాత్రం తిరిగి రాలేదు.

హాలు మూసే వారం దగ్గరపడింది. అక్క ఆరిన బట్టలు మడతపెడుతూ అడిగింది.

"ఏరా తమ్ముడూ, బ్యాగు ఇంకా దింపలేదే?"

"ఈసారి వెళ్లమేమో అక్కా."

"కెటిల్ ఏమన్నా అన్నాడా?"

"ఏమీ అనలేదు."

అక్క చొక్కా మడత విప్పి మళ్లీ పెట్టింది. "చిన్నప్పుడూ ఇంతే నువ్వు. ఆకలేస్తోందని నోరు తెరిచేవాడివి కాదు. వంటింటి గుమ్మంలో వచ్చి నిలబడేవాడివి, నేనే చూసి పెట్టాలి. లోకంలో అందరూ నీ అక్కలు కారురా."

ఆమెకి ఎంత తెలుసో అతను అడగలేదు. ఆమె చెప్పలేదు.

మర్నాడు ఆట మొదలవకముందే క్యాంటీన్‌కి వెళ్లాడు. కెటిల్ గ్లాసులు కడుగుతున్నాడు.

"సముద్రానికి వెళ్తున్నామా?" అన్నాడు ఆపరేటర్.

కెటిల్ తలెత్తలేదు. "ఒకటడుగుతా. నిజం చెప్పొద్దు, అబద్ధమే చెప్పు, నమ్ముతాను. ఆ రోజు ఇంటర్వెల్ ఎందుకివ్వలేదు? కునుకు పట్టిందను. మిషన్ మొరాయించిందను. అంటే చాలు, ఇవాళే టికెట్లు తీస్తా."

అబద్ధం ఆపరేటర్ నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత తేలికో. ఒక్క ముక్క అంటే లాడ్జీ, వరండా, పేకా అన్నీ తిరిగొస్తాయి. కానీ ఇక ప్రతి ఏడూ ఆ అబద్ధాన్ని కూడా వెంటబెట్టుకుని ఆ బస్సెక్కాలి. ఇన్నాళ్లూ అతను చెప్పకుండా ఉన్నాడు, అంతే. కాదని ఎప్పుడూ అనలేదు.

"మిషన్ బాగానే ఉంది," అన్నాడు. "కునుకూ పట్టలేదు."

కెటిల్ చేతిలోంచి గ్లాసు జారి నీళ్లలో మునిగిపోయింది. "నా నుంచి నీకేం కావాల్రా?" కెటిల్ గొంతులో కోపం లేదు, భయముంది.

"కొత్తగా ఏమీ వద్దు. ఉన్నది పోకుండా ఉంటే చాలు."

"ఇన్నేళ్లు పక్కనే పడుకుని వెర్రివాడిలా గుర్రుపెట్టాను."

"గుర్రు మాత్రం నిజమే."

కెటిల్‌కి నవ్వొచ్చింది. వచ్చినందుకు తన మీద తనకే చిరాకేసి నీళ్లలో చెయ్యిపెట్టి గ్లాసు వెతుక్కున్నాడు. "పైకి పో. ఆట టైమైంది."

ఆ తర్వాత టీ వచ్చేది, మనిషి వచ్చేవాడు కాదు. హాలు మూసే ముందు రోజు మాత్రం కెటిల్ మెట్లెక్కి వచ్చి గడప అవతలే నిలబడ్డాడు.

"గదులు చెప్పాను. రెండు. మా ఆవిడతో ఒకటేనన్నాను, మాట మార్చకు. లేకపోతే ఎందుకు రెండని అడుగుతుంది." కాసేపు మెట్ల కమ్మీ మీద గోరుతో పెచ్చులు గీకాడు. "వస్తే రా. నేనొక్కణ్ణే ఆ సముద్రాన్నేం చేసుకోను."

వెళ్లారు. బస్సులో మధ్య దారికి అటొకరు, ఇటొకరు కూర్చున్నారు. "ఏం సార్, ఈసారి పోట్లాడుకున్నారా?" అని లాడ్జి మేనేజరు నవ్వితే కెటిల్ రెండు తాళాలూ తనే అందుకున్నాడు. సాయంత్రం వరండాలో పేకాడారు. కెటిల్ ఒక్క ముక్క కూడా దాచలేదు. అంత నిజాయితీగా ఆడుతుంటే ఆపరేటర్‌కి గెలిచిన ప్రతి ఆటా బరువైంది.

పొద్దున్నే తలుపు చప్పుడైంది. ఇన్నేళ్లలో కెటిల్ తలుపు తట్టడం అదే మొదటిసారి. భుజం మీద తువ్వాలు, చేతిలో సబ్బుపెట్టె.

"నీ గదిలో వేడినీళ్లొస్తున్నాయా?"

"వస్తున్నాయి."

"నాకు రావట్లేదు." లోపలికి అడుగు వేయలేదు. బయటే నిలబడ్డాడు.

ఆపరేటర్ చెప్పులేసుకుని వరండాలోకి వచ్చేశాడు. "చేసుకో. నేనిక్కడుంటాను."

కెటిల్ లోపలికి వెళ్లాడు. గది తలుపు మూసి గడియ పెట్టుకున్నాడు. ఆ చప్పుడు ఆపరేటర్‌కి వినబడింది. వెంటనే మెట్లు దిగి ఎటైనా పోదామనిపించింది. కాలు కదిపాడు కూడా. లోపల నీళ్లు పడటం మొదలైంది, ఆగింది.

"ఉన్నావా?" అన్నాడు కెటిల్ లోపల్నుంచి.

"ఉన్నాను."

నీళ్లు మళ్లీ పడసాగాయి.