పెదనాన్న చేసిన తెరచాప పడవ

మా పెదనాన్న బెంగాల్లోని గార్డెన్ రీచ్‌లో ఓడలు కట్టేచోట వెల్డరుగా చేసి రిటైరయ్యాడు. ఆ తరవాత అక్కడే ఇంట్లో కూర్చుని వాళ్ల నాన్న పడవకి చెక్కతో నమూనా చేశాడు. శ్రీకాకుళం తీరంలో ఇంజన్లు రాకముందు చేపలవేటకు వెళ్లిన తెరచాప పడవ అది. ఈ నమూనా మూరెడు పొడవు ఉంటుందేమో. వల, తెడ్లు, మంచినీళ్ల కుండ, అన్నీ ఉన్నాయి. టేబుల్ ఫ్యాను వేసినప్పుడల్లా ఆయన లేచి, గాలి ఎటునుంచి వస్తోందో చూసి, తెరచాప తిప్పేవాడు. ఆయన ఫ్యానుకి అడ్డం నిలబడి అది సర్దేదాకా పెద్దమ్మ చెమటలు కక్కుతూ నిలబడేది.

అసలు పడవ ఒకరోజు ఖాళీగా ఒడ్డుకు కొట్టుకొచ్చిందట. తాతయ్య రాలేదు. పెదనాన్న ఆ మాట ఎప్పుడూ ఎత్తేవాడు కాదు.

మొన్నటి దుర్గాపూజకి వీధి క్లబ్బు సెక్రటరీ పడవని అడిగి తీసుకెళ్లి, మండపంలో ఇసుక పోసి పెట్టాడు. మనుషులు లేకపోతే బాగుండదని జాలర్ల మట్టిబొమ్మలు కొనుక్కొచ్చి అందులో కూర్చోబెట్టాడు. పెదనాన్న వెళ్లి చూసొచ్చాడు.

మర్నాడు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. తెరచాప దించి చుట్టేశాడు. బొమ్మల్ని ఒక్కొక్కటే తీసి ఇసుకమీద కూర్చోబెట్టాడు.

సెక్రటరీ పరిగెత్తుకొచ్చి, "ఎందుకు దింపేశావు దాదా?" అని బెంగాలీలో అడిగాడు.

పెదనాన్న తెలుగులోనే జవాబిచ్చాడు. "ఒడ్డుకొచ్చీసినాక ఆల్లకి పడవలో ఏటి పని? ఇల్లకెల్లి బువ్వ తింతారు."

సెక్రటరీ నావైపు చూశాడు. బెంగాలీలో చెప్పాను.

మండపం ఎత్తేసేదాకా ఆ బొమ్మల్ని ఎవరూ కదపలేదు.