'బీ' అంటే ఎవడు?

మొన్న సూర్యాపేటలో మా చిన్నాయన మనవరాలి హాఫ్‌శారీ ఫంక్షన్‌కు వెళ్ళి, బిర్యానీ కూడా సరిగ్గా తినకుండా ఒళ్ళు మండి తిరిగొచ్చాను. వంటవాళ్ళ తప్పేం లేదు. డీజే వాళ్ళు ఒక పాత పాటకు కొత్త దరువు తగిలించి పెట్టారు. కాలేజీ పిల్ల బస్సు కోసం నిలబడి ప్రేమ గురించి పాడుకునే పాట. ఆ పదిహేనేళ్ళ పిల్ల కొత్త ఓణీ నడుముకు దోపుకుని ఎంత ముద్దుగా ఆడిందో! దాని మీద నాకేం కోపం? కోపమంతా ముందు వరుసలో లేచి నిలబడి, చప్పట్లు కొడుతూ "ఇంకోపారి పెట్టు, ఇంకోపారి!" అని అరిచిన వాళ్ళ తాత, అదే మా చిన్నాయన మీద. ఆ పాట మా చీటీలో మూడోది.

ఆ చీటీ రాసినప్పుడు మేం దామరచర్లలో ఉండేవాళ్ళం. అక్క రోజూ బస్సులో మిర్యాలగూడ వెళ్ళి ఇంటర్ రెండో సంవత్సరం చదివేది. నాది తొమ్మిదో తరగతి. ఎండాకాలంలో మేనమామ టేప్‌రికార్డర్ తెస్తానన్నాడు. అది రాకముందే నేను పాటలకు తయారైపోయాను. ఆ రోజుల్లో ఖాళీ క్యాసెట్టూ, కావలసిన పాటల చీటీ ఇస్తే బస్టాండు పక్క షాపులో ఎక్కించి ఇచ్చేవాళ్ళు. పాటలన్నీ నేను ఏరినవే, అన్నీ ప్రేమ పాటలే. పద్నాలుగేళ్ళకు ఇంకేం కావాలి? నా రాత కోడి గెలికినట్టు ఉంటుందని అక్క చేత రాయించాను. పైన క్యాసెట్ మొదటి వైపుకు ఇంగ్లీషులో 'ఏ', దాని కింద పాటల మొదటి మాటలు, మధ్యలో గీత, తర్వాత రెండో వైపుకు 'బీ', మళ్ళీ పాటలు. చీటీ అక్క ఫిజిక్స్ నోట్సులో, క్యాసెట్ నా బడి సంచిలో. చిన్నపిల్ల సంచి ఎవరు చూస్తారని.

చిన్నాయన ఏదో రాసుకోవడానికి కాగితం కావాలని ఆ నోట్సు తీశాడు. నాన్నకు చదవడం రాదు, ఇంట్లో చదువుకున్న మగవాడు ఈయనొక్కడే. ఈయన ఎట్లా చదివితే అదే అర్థం. "నువ్వు రాక నిద్ర రాదు, బస్టాండులో నిలుచున్నా, చెప్పేయి ఒక్క మాట" అంటూ పాటల మొదళ్ళన్నీ కలిపి ఒక్క ఉత్తరంలా గడగడా చదివేశాడు. అక్క పేరు 'ఏ'తోనే మొదలవుతుంది. ఇంకేముంది!

"ఏ అంటె నువ్వు. మరి బీ అంటె ఎవడే?"

"పాటలు చిన్నాయనా. క్యాసెట్ల ఎక్కిచ్చేటియి," అంది అక్క.

"ఏది మరి క్యాసెట్? సూపియ్యి!"

క్యాసెట్ నాకు రెండడుగుల దూరంలో, గోడకు వేలాడే సంచిలో ఉంది. అక్క నా వైపు చూడలేదు. నేను సంచి వైపు చూడలేదు. తీస్తే నా బడి కూడా మాన్పిస్తారని భయం. "ఇగ కాలేజీ ఖతం," అన్నాడు నాన్న. పరీక్షలు ఇంకో నెలలో ఉన్నాయి. లెక్కల టీచర్ కావాలనుకున్న మనిషి హాల్‌టికెట్ కూడా తెచ్చుకోలేదు. ఆ ఎండాకాలమే పెళ్ళి చేసి కోదాడ పంపారు. చిన్నాయన ఆ 'బీ' కోసం కాలేజీ గేటు దగ్గర వారం రోజులు కాపు కాశాడు. ఎంతమంది భాస్కర్లు, బాలరాజులు హడలిపోయారో తెలియదు. నేను మాత్రం డిగ్రీ చదివాను, ఉద్యోగం చేస్తున్నాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది.

ఫంక్షన్‌లో ఉండబట్టలేక ఆయన దగ్గరికే వెళ్ళాను. "చిన్నాయనా, ఈ పాట యాదున్నదా?"

"ఎందుకుండదు బిడ్డా! గప్పటి పాటలంటే పాటలే. మనింట్ల అందరికి పాటలంటే పానం గదా!"

నటన కాదు, నిజంగానే మరిచిపోయాడు. కాలేజీ మాన్పించిన మనిషికి అది గుర్తుంచుకునే ఓపిక కూడా లేకపోయింది. నాలుగు మాటలతో దులిపేద్దామనుకునేలోగా మనవరాలు వచ్చి ఆయన్ని ఆడటానికి లాక్కెళ్ళింది. తిరిగొచ్చి, ఏమీ జరగనట్టు బిర్యానీ తింటున్న అక్క పక్కన కూలబడ్డాను.

"అక్కా, ఆ రోజు క్యాసెట్ నా సంచిలనే ఉండె," అన్నాను. ఇన్నేళ్ళలో మొదటిసారి.

అక్క మాట ఇప్పుడు పూర్తిగా కోదాడ మాట. "తెలుసులేవే. అందులో పెట్టింది నేనే కదా. తీసుంటే నీ చదువు కూడా పోయేది. తిను, చల్లారిపోతుంది."

ముప్పై ఏళ్ళకు చిన్నాయనకు ఆ పాట నచ్చింది, నాకు నోరు పెగిలింది. అప్పుడు అక్కకు కావలసింది ఒక్క నెల.